వరిగడ్డికి యూరియా పట్టించి మాగవేసే పద్ధతి

హైదరాబాద్ చుట్టుపక్కల బర్రెల షెడ్లకు లారీల్లో వచ్చే వరిగడ్డిలో మాంసకృత్తులు 3-4 శాతమే. యూరియాతో మాగవేస్తే 7-8 దాకా పెరుగుతాయి, గడ్డి మెత్తబడుతుంది.

100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. తూకం వేయండి, అందాజా పనికిరాదు. యూరియా పలుకు మిగలకుండా పూర్తిగా కరగాలి. ఆ నీళ్ల బకెట్ పశువులకు అందితే ప్రాణం మీదికి వస్తుంది.

పట్టా మీద జానెడు మందాన గడ్డి పరిచి, నీళ్లు సమంగా చల్లి, కాళ్లతో బాగా తొక్కాలి. ఇలా పొర మీద పొర. పైన పాలిథిన్ కప్పి, అంచులను మట్టితో మూసి 21 రోజులు కదపకండి. చలికాలంలో ఇంకో వారం. గాలి చొరబడితే యూరియా నుంచి పుట్టే అమ్మోనియా వాయువు పోయి బూజు పడుతుంది. నల్లబడ్డ గడ్డి పారేయాల్సిందే.

బాగా మాగింది గోధుమ రంగులో, ముక్కు మండే ఘాటుతో ఉంటుంది. మేపే ముందు రోజు సాయంత్రమే తీసి ఆరబెట్టండి. మొదట కొద్దిగా మామూలు గడ్డిలో కలిపి, పది రోజుల్లో పెంచండి. ఆరు నెలల్లోపు దూడలకు వద్దు, వాటి పొట్ట ఇంకా తయారుకాదు. తిన్నాక వణుకు, కడుపుబ్బరం, నురగ కనిపిస్తే వెంటనే పశువైద్యుణ్ని పిలవండి.