కుకీలకు వెన్న ఎంత మెత్తబడాలి?

కుకీ పలచగా పరుచుకుపోయినా, గట్టిపడినా చాలామంది మైదానో ఓవెన్‌నో అనుమానిస్తారు. ముందు చూసుకోవాల్సింది వెన్నను. మైదా 140 గ్రాములు, వెన్న 100, చక్కెర 70, బేకింగ్ పౌడర్ అర టీస్పూను. కొలతలు ఇవే ఉంచి వెన్నను మార్చితే కుకీ మారిపోతుంది. ప్యాకెట్ వెన్న ఉప్పుదైతే మళ్లీ ఉప్పు వేయొద్దు.

వెన్నను గది వేడికి మెత్తబడనివ్వమని వంటల పుస్తకాలు చెప్తాయి. ఆ గది 20 డిగ్రీలది. వరంగల్‌లో మే నెల ఎండ 40 దాటుతుంది, వెన్నేమో 32–35 దగ్గరే కరిగిపోతుంది. అందుకే ఎండకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసి, చిన్న ముక్కలు కోసి, ఐదు నిమిషాలకోసారి వేలితో నొక్కి చూడండి. గుంట పడాలి, వేలికి జిడ్డు మెరవొద్దు. ఆదిలాబాద్ చలిలో గంటైనా మెత్తబడదు. వేడినీళ్లతో కడిగి తుడిచిన గిన్నెను పైన బోర్లిస్తే చాలు, పొయ్యి మీద పెట్టొద్దు.

చక్కెరను మిక్సీలో ఒక్కసారి తిప్పి సన్నని రవ్వలా ఉంచండి. ఆ పలుకులే వెన్నలోకి గాలిని చొప్పిస్తాయి, మెత్తటి పొడితో అంత గాలి చేరదు. రెండూ కలిపి, రంగు తెల్లబడేదాకా మూడు నాలుగు నిమిషాలు గిలకొట్టాలి. బేకింగ్ పౌడర్ ఈ బుడగలను ఉబ్బిస్తుందే తప్ప కొత్తవి పుట్టించదు. మధ్యలో వెన్న జారుగా అయితే గిన్నెను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ గిలకొట్టండి.

కరిగించిన వెన్నలో గాలి నిలవదు. కుకీ వెడల్పుగా, ఒత్తుగా వస్తుంది. అది కావాలనుకుంటే కరిగించి చల్లార్చి కలపండి, ముద్దను అరగంటైనా ఫ్రిజ్‌లో ఉంచండి.

రుచికి మాత్రం ఎర్రగా కాచిన వెన్నే మేలు. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో సన్నమంట మీద కాచండి. చిటపటలు ఆగాయంటే నీరు పోయినట్టు. ఇక కళ్లు తిప్పొద్దు: అడుగున చేరిన పాల పలుకులు బంగారు రంగుకు రాగానే వేరే గిన్నెలోకి వంచేయాలి, లేకుంటే గిన్నె వేడికే మాడి చేదెక్కుతాయి. వడకట్టొద్దు, వాసనంతా ఆ పలుకుల్లోనే ఉంది. 100 గ్రాములు 80–85 అవుతాయి, పోయిన నీటికి బదులు ఒక టేబుల్ స్పూను పాలు పోయండి.

ఇంట్లో చిలికిన బర్రె వెన్నయితే చల్లటి నీళ్లతో, ఆ నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, తడి పిండేసి, గుడ్డలో ఒత్తండి. చల్ల మిగిలితే పులుపొస్తుంది, ఆ తడికి మైదా సాగి కుకీ బిరుసెక్కుతుంది. నెయ్యి వాడితే 80 గ్రాములు చాలు, అదీ పేరుకున్నదే. నాన్‌ఖటాయిలా గుల్లగా వస్తుంది.

ముందే వేడెక్కిన ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 12–15 నిమిషాలు కాల్చండి. నడుమ మెత్తగా ఉన్నా అంచులు ఎర్రబడితే తీసేయండి, ట్రే మీదే పది నిమిషాల్లో గట్టిపడతాయి. రెండో వాయి ముద్దలను వేడి ట్రే మీద పెట్టొద్దు, ఓవెన్‌లోకి వెళ్లకముందే వెన్న కరిగిపోతుంది.