పాలిమర్ థిన్ ఫిల్మ్‌లలో పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవ్వాలనుకుంటే

పాలిమర్ థిన్ ఫిల్మ్ అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో వేసే చాలా పల్చటి పొర. ఈ పనికి హైదరాబాద్‌లో చోట్లకు కొదవ లేదు. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, కందిలో ఐఐటీ, బాలాపూర్‌లో కొత్త పదార్థాల మీద పరిశోధన చేసే ఏఆర్‌సీఐ ఉన్నాయి. ఇంజనీరింగ్ వాళ్లయితే గేట్ రాయండి, ఎమ్మెస్సీ వాళ్లు నెట్. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) కొడితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం.

గైడ్‌ని మాత్రం పేపర్ల లెక్క చూసి ఎంచుకోవద్దు. ల్యాబ్‌కి వెళ్లి అక్కడి సీనియర్‌ని పట్టుకుని, పోయినేడు పేపర్లో వేసిన ఫిల్మ్‌ని ఇవాళ మళ్లీ వేయగలవా అన్నా అని అడగండి. నీళ్లు నమిలితే ఇంకో ల్యాబ్ చూసుకోండి.

చేరాక మొదట పాలిస్టైరీన్ అనే మామూలు ప్లాస్టిక్‌తో చేయి తిప్పుకోండి. టోలుయీన్ అనే ద్రావకంలో కరిగించి, 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లో వడగట్టి, శుభ్రం చేసిన సిలికాన్ వేఫర్ (పల్చటి సిలికాన్ పలక) మీద స్పిన్ చేయండి, అంటే ద్రావణం వేసి పలకను గిర్రున తిప్పి పల్చటి పొరగా పరచండి. వేగం నాలుగింతలైతే మందం దాదాపు సగమవుతుంది. ఫిల్మ్ రంగు అంతటా ఒకేలా ఉంటే మందం కూడా సమానంగా ఉన్నట్టే, తోకచుక్కల్లా గీతలు కనిపిస్తే మాత్రం దుమ్ము పడిందని అర్థం. వానాకాలంలో క్లోరోఫామ్, టీహెచ్‌ఎఫ్ లాంటి ద్రావకాల జోలికి పోవద్దు, అవి గబగబా ఆవిరయ్యేసరికి ఫిల్మ్ పైభాగం చల్లబడి గాల్లోని తేమ దాని మీద చేరుతుంది, ఫిల్మ్ తెల్లగా మసకబారిపోతుంది. గదిలో తేమ ఎంతో ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాయండి, వచ్చే మే నెలలో అదే ఫిల్మ్ వేరేలా వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ అంకె ఒక్కటే.

నానోకాంపోజిట్ (పాలిమర్‌లో క్లే, అంటే బంకమట్టి, సన్నటి పొరలు కలిపినది) అయితే పాలిమర్‌ని ముందే వడగట్టి ఆ తర్వాత క్లే కలపాలి, లేకపోతే క్లే అంతా ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది (నవ్వకండి, చాలా ల్యాబుల్లో జరిగేదే). ఈ పనికి వాడే మాంట్‌మోరిలోనైట్ అనే క్లే మామూలుదైతే దానికి నీళ్లంటే ఇష్టం, పాలిస్టైరీన్‌తో కలవదు, అందుకే ఆర్గానిక్‌గా మార్చినది తీసుకుని సోనికేట్ చేయండి (అల్ట్రాసౌండ్‌తో కదిలించి విడదీయండి). ఎక్స్‌ఆర్‌డీలో (క్లే పొరల మధ్య దూరాన్ని ఎక్స్‌రేలతో చూసే పరీక్ష) పీక్ మాయమైంది కదా, పొరలన్నీ విడిపోయాయని సంబరపడొద్దు. క్లే తక్కువైనా, పొరలు చిందరవందరగా ఉన్నా పీక్ పోతుంది. టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫోటోలు చూపించకపోతే రివ్యూయర్ వదలడు.

పీహెచ్‌డీ అయ్యాక ఐఐటీల్లో గ్రేడ్ వన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి మూడేళ్ల అనుభవం అడుగుతారు, కాబట్టి చాలామందికి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత ఇంకో ల్యాబ్‌లో చేసే పరిశోధన) తప్పదు. అక్కడ గైడ్ పాత సమస్యకే తోక తగిలించకుండా మీదంటూ ఒకటి మొదలుపెట్టండి. ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న: ఆ పోస్ట్‌డాక్ ల్యాబ్ పరికరాలేవీ లేకుండా ఇక్కడేం చేస్తావ్? స్పిన్ కోటర్, వాక్యూమ్ ఓవెన్, మామూలు మైక్రోస్కోప్‌తో మొదటి ఏడాది ఏం చేయొచ్చో ముందే ఒక పేజీ రాసి పెట్టుకోండి.