కోతల్లో రైల్వే గేటు దాటేవాళ్లకి

వరి కోతలు మొదలయ్యాయంటే గేటు దగ్గర వరస పెరుగుతుంది. ధాన్యం ట్రాక్టర్లు, గడ్డి కట్టల లోడ్లు, లారీ ఎక్కిన కోత మిషన్లు. దానికి తోడు పొద్దున్నే మంచు. ఏడాదంతా దాటే గేటే కదా అనిపిస్తుంది గానీ, ఈ రెండు నెలలూ అది వేరే గేటు.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది పట్టాలకి అవతల జాగా ఉందా లేదా అని. ముందు బండి కదిలింది కదా అని దాని వెనకే ఎక్కేస్తాం. అది అవతల గతుకులో ఆగుతుంది, మన ట్రాలీ పట్టాల మీద మిగిలిపోతుంది. మీ బండీ ట్రాలీ కలిపి పూర్తిగా పట్టేంత ఖాళీ అవతల కనబడేదాకా ఇవతలే ఉండండి. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి. లోడు బండిని ముందే చిన్న గేరులో పెట్టుకోండి, పట్టాల మీద గేరు మార్చొద్దు.

ఒకవేళ బండి ఆగిపోతే ముందు మనుషులు దిగాలి. ధాన్యం గురించి, ట్రాక్టరు కిస్తీల గురించి తర్వాత. ఒకరు గేట్‌మన్ దగ్గరికి పరిగెత్తాలి. ఎర్ర జెండాలు, సిగ్నల్ ఆపే ఏర్పాటు, స్టేషన్‌కి ఫోను అతని దగ్గరే ఉంటాయి. కాజీపేట–బల్లార్షా, విజయవాడ–గూడూరు లైన్లలో 2022 నుంచి 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. అంటే సెకనుకి 36 మీటర్లు. రైలు డ్రైవరు మిమ్మల్ని చూసి బ్రేకు వేసినా రైలు ఆగడానికి కిలోమీటరు దాకా పట్టొచ్చు.

గడ్డి లోడు సంగతి. గేటుకి రెండు వైపులా నిలబెట్టిన ఇనుప కమాను ఎత్తు 4.67 మీటర్లు, సుమారు 15 అడుగులు. లోడు దానికి తగిలితే మోకు వదులు చేసి అణిచి దూర్చడం చూశాను, పైన ఒక కుర్రాడు కూర్చుని తల వంచుకున్నాడు కూడా. పైన తీగలో 25,000 వోల్టులు. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు, కరెంటు దూకుతుంది. రెండు మీటర్లన్నా ఎడం ఉండాలి. లోడు మీద ఎవరినీ ఎక్కించుకోవద్దు, కోత మిషను గింజల గొట్టాన్ని మడిచి కట్టేయండి.

గేటు పడ్డాక గేట్‌మన్‌తో గొడవ ఒకటి. ఇంటర్‌లాకింగ్ (గేటు తాళాన్ని రైలు సిగ్నల్‌తో ముడిపెట్టే ఏర్పాటు) ఉన్న గేటు పడి తాళం పడితేనే రైలుకి సిగ్నల్ వస్తుంది. రైలుకి దారి ఇచ్చాక తియ్యమన్నా అతని చేతిలో లేదు. ఒక రైలు పోయినా గేటు లేవలేదంటే రెండో లైన్లో ఇంకొకటి వస్తోందని. మొదటి రైలు మోతలో రెండోది వినబడదు, మంచులో కనబడదు కూడా. కర్ర కింద బైకు వంచి దూర్చేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. గేటు విరగ్గొడితే రైల్వే చట్టం 160వ సెక్షను కింద అయిదేళ్ల దాకా జైలు.

అయితే గేటు తెరిచి ఉందని గుడ్డిగా నమ్మడం కూడా తప్పే. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లు 2019 జనవరి నాటికి ఎత్తేశారు. 2014 జులై 24న మాసాయిపేటలో పిల్లల బస్సుని రైలు కొట్టింది అలాంటి గేటు దగ్గరే. కానీ 2025 జులైలో తమిళనాడులోని కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో బడి వ్యానుని రైలు గుద్దినప్పుడు అక్కడ గేటూ ఉంది, గేట్‌మనూ ఉన్నాడు. ఇంటర్‌లాకింగ్ లేదు. అందుకే బడి బండి నడిపేవాళ్లు తెరిచిన గేటు దగ్గర కూడా ఆగి, పాట కట్టేసి, అద్దం దించి, రెండు వైపులా చూసి కదలాలి. మంచు దట్టంగా ఉంటే క్లీనరు దిగి ముందు నడవాలి.

గేటు గది గోడ మీద గేటు నంబరు రాసి ఉంటుంది. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోను చేస్తే వాళ్లు అడిగేది ఎక్కడ అని. ఈసారి గేటు పడి ఖాళీగా నిలబడ్డప్పుడు ఆ నంబరు ఫోన్‌లో ఎక్కించుకోండి.