ఇంట్లో మిగిలిన పాత తుపాకీ: వారసుల పేరిట లైసెన్సుకు దరఖాస్తు విధానం

తాతల నాటి తుపాకీ కదా, గోడకు తగిలించుకోవడానికి లైసెన్సు దేనికని చాలామంది అనుకుంటారు. చట్టం చూసేది వయసొక్కటే కాదు. వాడుక పోయిన నమూనాదైనా, పురాతన విలువ ఉన్నదైనా, పాడైనదైనా సరే, మరమ్మతు చేసినా పేలనిదైతేనే 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. 2020లో నిబంధనలు సవరించి, క్యూరియో (అపురూపమైన పాత వస్తువు) కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదన్నారు. వాడాలన్నా, బయటికి తీసుకెళ్లాలన్నా మాత్రం కావాల్సిందే. మీ తుపాకీ ఏ కోవలోదో మీరే తేల్చేసుకోకండి. అధికారుల నుంచి కాగితం మీద తీసుకోండి.

లైసెన్సుదారు చనిపోతే మొదటి పని దరఖాస్తు కాదు, డిపాజిట్. ముందుగా స్టేషన్‌కు సమాచారం ఇచ్చి, తుపాకీని, ఉన్న తూటాలను ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. పెట్టె అడుగున మిగిలిపోయిన ఒక్క తూటా కూడా కేసు తెచ్చిపెట్టగలదు, కాబట్టి ఇల్లంతా వెతకండి. పాత షెల్, గ్రెనేడ్ లాంటివి కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు ఫోన్ చేయండి.

తర్వాత లైసెన్సు దరఖాస్తు పత్రమైన ఫారం ఏ-1. జిల్లాలో కలెక్టర్‌కు, కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్‌కు పెట్టుకోవాలి. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పాత లైసెన్సు పుస్తకం, గుర్తింపు, చిరునామా ఆధారాలు, వైద్య ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. అసలు చిక్కు మిగతా వారసుల దగ్గరే వస్తుంది. తమకు అభ్యంతరం లేదని అందరూ అఫిడవిట్ ఇవ్వాలి. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదా ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది, కాబట్టి ఆ సంతకాలు ముందే పెట్టించుకోవడం మేలు. లైసెన్సుదారు బతికుండగానే వారసుడి పేరిట మార్చుకోవచ్చు కూడా: ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా చాలు.

ఆ తర్వాత పోలీసు విచారణ. లైసెన్సు ఇస్తే 5 ఏళ్లు చెల్లుతుంది. కాదంటే కారణం రాతలో అడగండి, అప్పీలుకు అదే ఆధారం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవైనా అంతే. సేకరణ అభిరుచి ఉన్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బే.

ఇక శుభ్రం చేయడం గురించి. తుప్పు వదిలిద్దామని ఇసుక కాగితంతో గీకితే నంబరు, తయారీ ముద్ర చెరిగిపోతాయి. సేకరణ విలువ పోవడం సంగతి అలా ఉంచితే, గుర్తింపు ముద్రలు చెరపడం ఆయుధాల చట్టం కిందే నేరం. గొట్టం కోయించడమూ అంతే. దరఖాస్తు తేలేదాకా దాని జోలికి వెళ్లకండి. చేతికొచ్చాక తుపాకీ నూనె పలుచగా రాసి, పొడి బీరువాలో తాళం వేసి ఉంచండి. తోలు తొడుగులో మాత్రం వదలొద్దు, తేమ పట్టి ఇనుము తినేస్తుంది. తుపాకీతో పాటు తాతల నాటి సైనిక పతకాలు కూడా ఉంటే, వాటికి లైసెన్సు గొడవ లేదు. వాటికీ పాలిష్ పెట్టకండి, అంచున చెక్కిన సైనికుడి పేరు, నంబరు అరిగిపోతాయి.