ఫొటోలో దిగులు – 4వ పాఠం: తాళం వేసిన ఇల్లు

మూడో పాఠంలో ముఖం మీది దిగులు చూశాం. ఈసారి ఫ్రేములో మనిషే ఉండడు. పాలమూరు పల్లెల్లో వలస పోయినవాళ్ల ఇల్లు ఒకటి ఎంచుకోండి. తాళంకప్ప ఒక్కటే దగ్గరగా తీస్తే అది తాళం ఫొటో, అంతే. సాన్పి (పేడనీళ్లు) చల్లకుండా వదిలేసిన వాకిలి, ఎండి రంగు మారిన మామిడి తోరణం, బోర్లించిన బిందె... అక్కడ మనుషులు మసలేవారని చెప్పేవి ఇవే. వాటిలో రెండు చాలు, ఎక్కువైతే చూపు చెదురుతుంది.

తూర్పు వాకిలి ఇల్లయితే సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. గోడ నీడలో ఉండి, ఆకాశపు మెత్తని వెలుతురు మాత్రమే పడుతుంది. 35 మి.మీ. లెన్స్, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత), ఐఎస్‌ఓ 400 (వెలుతురును గ్రహించే స్థాయి), షట్టర్ 1/125 సెకను దగ్గర మొదలుపెట్టండి. దర్వాజ ఫ్రేములో ఆరో వంతు మించకుండా వెనక్కి జరగండి. కెమెరాను కిందికి వంచితే దర్వాజ నిలువు గీతలు ఒరుగుతాయి.

ఎక్కువమంది తప్పేది ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి తీసుకునే వెలుతురు మోతాదు) దగ్గరే. వెలుతురు కొలిచే కెమెరా మీటరు దేన్ని చూసినా నడిమి బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. మట్టిగోడ, పాత చెక్క తలుపు ఫ్రేము నిండా ఉంటే వాటిని తెల్లబరిచి దిగులంతా కడిగేస్తుంది. అక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (+/− గుర్తున్న సెట్టింగు) −0.7 నుంచి −1 వరకు తగ్గించండి. సున్నం వేసిన గోడయితే మీటరే ముందుగా తగ్గించేస్తుంది. మీరూ తగ్గిస్తే గోడ బురదలా కనిపిస్తుంది. సున్నా దగ్గరే ఉంచండి. ఫోనులో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా తగ్గించే సెట్టింగు) ఆపండి, లేదంటే నీడలన్నీ వెలిగిపోతాయి.

వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును సరిచేసే సెట్టింగు) ఆటోలో ఉంటే నీడలోని నీలిఛాయ చాలావరకు పోతుంది. సూర్యుడి గుర్తు మీద పెట్టండి. అంతకు మించి నీలం కలిపితే గోడ మీది ఎర్రటి జాజు పట్టీ ఊదాకు తిరిగి అబద్ధంలా ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్‌కు తొందరపడొద్దు: తుప్పు రంగు, ఎండిన ఆకు రంగే ఎంతకాలమైందో చెబుతాయి.

తాళం పడ్డ ప్రతి ఇల్లూ వలస ఇల్లు కాదు. పక్కింట్లో అడగండి. “పెండ్లికి పోయిండ్రు, రేపొస్తరు” అంటే ఫొటో కింద వలస అని రాయకూడదు. నిజంగా వలసే అయితే పక్కవాళ్ల దగ్గర నంబరు తీసుకుని, ఇంటివాళ్లను అడిగాకే తీయండి. నెట్‌లో పెట్టేటప్పుడు ఊరిపేరు, ఇంటి నంబరు వద్దు. ఖాళీ ఇల్లని దొంగకు చెప్పినట్టే.

అభ్యాసం: ఒకే చోటు నుంచి 0, −0.7, −1.3తో మూడు తీయండి. తలుపు చెక్క గీతలు కనబడుతూనే ముదురుగా ఉన్నదాన్ని ఉంచుకోండి. ఐదో పాఠంలో వాన ముసురు వెలుతురు.