ట్రావెల్ బ్లాగర్ల సదస్సుకు ఒక్కరే వెళ్లి నలుగురిని సంపాదించుకోవడం

బ్యాంకాక్‌లో సదస్సు మొదటి రోజు రాత్రి, ప్రతూనామ్‌లోని హోటల్ గదిలో మంచం మీద నలభై మూడు విజిటింగ్ కార్డులు పరుచుకుని కూర్చున్నాను. ఏ కార్డు ఎవరిదో ఒక్క ముఖమూ గుర్తు రాలేదు. పొద్దున్నుంచి అంతమందితో మాట్లాడాను, నవ్వాను, చేతులు కలిపాను. అయినా మర్నాడు లంచ్‌కి ఎవరి పక్కన కూర్చోవాలో తెలియదు. ఏడుపొక్కటే తక్కువ. మొదటిసారి ఇలాంటి సదస్సుకు వెళ్లేవాళ్లకు అలాంటి రాత్రి రాకూడదని ఇదంతా రాస్తున్నాను.

అది 2015 అక్టోబర్. టీబెక్స్ అని ట్రావెల్ బ్లాగర్ల సదస్సు ఒకటుంది, 2009లో చికాగోలో మొదలైంది. ఆ ఏడాది ఆసియా సదస్సు బ్యాంకాక్‌లో పెట్టారు. నేను హనుమకొండలో ప్రభుత్వ స్కూల్లో సోషల్ చెప్తాను. సెలవుల్లో గుళ్లు, చెరువులు, కోటలు తిరిగి వాటి గురించి తెలుగులో రాస్తాను. ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి, అక్కడ అన్నం దొరుకుతుందా లేదా అన్నవి కూడా రాస్తాను. దసరా సెలవులు కలిసొచ్చాయి. ఎంగిలిపూల బతుకమ్మ ఆడిన మర్నాడే బయల్దేరాను. "సద్దుల నాటికి ఇంట్లో ఉండాలి" అని అత్తమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది.

సదస్సా, సంతా?

డబ్బు కట్టే ముందు ఇది తేల్చుకోండి. హైదరాబాద్‌కు వచ్చే టీటీఎఫ్, ముంబైలో ఓటీఎం, ఢిల్లీ వైపు జరిగే సాటే, మార్చిలో బెర్లిన్ ఐటీబీ, నవంబర్‌లో లండన్ డబ్ల్యూటీఎం ఇవన్నీ వ్యాపార మేళాలు. అక్కడ స్టాల్ దగ్గర నిలబడ్డ మనిషి గదులు, టికెట్లు, ప్యాకేజీలు అమ్ముకోవడానికి వచ్చాడు. మనతో తీరిగ్గా కూర్చుని మాట్లాడే సమయం అతనికి ఉండదు, అది అతని తప్పు కాదు. బ్రోషర్లు, పరిశ్రమ తీరుతెన్నులు కావాలంటే వాటికి తప్పకుండా వెళ్లండి. మనలాంటి వాళ్లు కావాలంటే మాత్రం రాసేవాళ్ల కోసమే పెట్టిన సదస్సు చూసుకోండి. లేదా కేరళ టూరిజం వాళ్లు 2014లో మొదలుపెట్టిన కేరళ బ్లాగ్ ఎక్స్‌ప్రెస్ లాంటివి. దేశదేశాల బ్లాగర్లను ఒకే బస్సులో రోజుల తరబడి తిప్పితే స్నేహాలు కుదరకుండా ఎట్లా ఉంటాయి?

కార్యక్రమం జాబితా తెప్పించుకుని చూడండి. లంచ్ ఎంతసేపు, సెషన్ల మధ్య విరామం ఎంత, సదస్సుకు ముందు ఊరు తిప్పే చిన్న టూర్లు ఉన్నాయా? నేను ముందు చూసేది ఇవే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ప్రసంగాలే పెట్టిన చోటికి అంత ఖర్చు పెట్టుకుని వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం.

బయల్దేరే ముందు

ప్రభుత్వ ఉద్యోగులైతే ఎన్‌ఓసీకి, అంటే విదేశానికి వెళ్లడానికి శాఖ ఇచ్చే అనుమతి పత్రానికి, ముందే పెట్టుకోండి. నేను రెండు నెలల ముందు పెట్టాను, అయినా చేతికి వచ్చేదాకా టెన్షన్ తప్పలేదు. వీసా నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి, టికెట్ కొనే ముందు ఆ దేశపు అధికారిక సమాచారమే చూడండి. అప్పట్లో మనకు థాయ్‌లాండ్‌లో దిగాక వీసా ఇచ్చేవారు. 1,000 బాత్ ఫీజు, 4x6 సెంటీమీటర్ల ఫోటో, చేతిలో 10,000 బాత్ ఉన్నట్టు చూపించాలి. ఒక బాత్ అంటే రూపాయీ ఎనభై పైసల పైన. ఆ డబ్బు సర్దుకోవడమే నాకు పెద్ద పనైంది.

గది సదస్సు జరిగే హోటల్లోనే తీసుకోనక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ నుంచి రైల్లో వచ్చి రాచప్రారొప్ స్టేషన్‌లో దిగితే ప్రతూనామ్ నడిచిపోయేంత దూరం, గదులు చవక, మన భోజనమూ దొరుకుతుంది.

ఇంట్లోవాళ్ల భయాన్ని కొట్టిపారేయొద్దు. ఆ ఆగస్టు 17నే బ్యాంకాక్‌లో ఎరావన్ గుడి దగ్గర బాంబు పేలి 20 మంది చనిపోయారు. మా అమ్మ ఆ వార్త చూసినప్పటి నుంచి వెళ్లొద్దనే అంది. నేను వాదించలేదు. హోటల్ చిరునామా, ఫోన్ నంబర్, రోజూ రాత్రి మన టైం తొమ్మిదింటికి ఫోన్ చేస్తానన్న మాట కాగితం మీద రాసిచ్చాను. ఆ మాట ఒక్కరోజూ తప్పలేదు. అక్కడికి వెళ్లాక మొదటి పొద్దున్నే ఎరావన్‌కి వెళ్లి నాలుగు ముఖాల బ్రహ్మకు బంతిపూల దండ వేసి దండం పెట్టుకున్నాను. రెండు నెలలు కూడా కాలేదు, జనం మళ్లీ అగరొత్తులు వెలిగించుకుంటూ కిటకిటలాడుతున్నారు.

"మీరేం రాస్తారు?"

ఈ ప్రశ్న రోజుకు యాభై సార్లు వస్తుంది. పరిచయాలు నిలవడం, నిలవకపోవడం సగం దీని జవాబు మీదే ఉంది. మొదటి రోజు నేను "తెలుగులో ట్రావెల్ గురించి రాస్తాను" అన్నాను. ఎదుటివాళ్లు "ఓహో, బాగుంది" అనేవాళ్లు, అక్కడితో అయిపోయేది. పాపం వాళ్లు మాత్రం ఇంకేం అడుగుతారు? పట్టుకోవడానికి అందులో ఏమీ లేదు.

రెండో రోజు పొద్దున అద్దం ముందు నిలబడి జవాబు మార్చుకున్నాను. "మా ఊరికి డెబ్బై కిలోమీటర్ల లోపే ఒక గుడి ఉంది. 1213 నాటిది. దాని శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుంది. అట్లాంటి చోట్లకు బస్సులో ఎలా వెళ్లాలో నా భాషలో రాస్తాను." రామప్ప గురించి అలా చెప్పగానే అవతలి మనిషి కాఫీ కప్పు కింద పెట్టాడు. ఇటుక ఎందుకు తేలుతుందని అడిగాడు. లోపల సన్నసన్న రంధ్రాలుంటాయి, అందుకే అంత తేలిక, పైన బరువు తగ్గుతుంది అని చెప్పాను. నిజంగా చూశావా అన్నాడు. అక్కడి నుంచి ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం.

మీరూ మీ ఊరి నుంచి ఒక్క వస్తువు తీసుకెళ్లండి. ఏటికొప్పాక లక్కబొమ్మ కావచ్చు, గండికోట లోయ కావచ్చు, మీ అమ్మమ్మ ఊరి తిరునాళ్ల కావచ్చు. అది మూడు వాక్యాల్లో చెప్పగలగాలి. ఫోన్‌లో ఒక్క ఫోటో తెరిచి పెట్టుకోండి, వందల ఫోటోల్లో వెతుకుతూ అవతలివాళ్లను నిలబెట్టొద్దు.

ఇంగ్లీషు గురించి భయపడేవాళ్లకు ఒక మాట. ఆ హాల్లో చాలామందికి ఇంగ్లీషు రెండో భాషో మూడో భాషో. వాళ్లూ మనలాగే మాట కోసం ఆగుతారు. నెమ్మదిగా చెప్పండి, అర్థం కాకపోతే మళ్లీ అడగండి. గబగబా మాట్లాడేవాళ్లకంటే ఆగి ఆగి మాట్లాడేవాళ్లే నాకు ఎక్కువ దగ్గరయ్యారు.

అన్నం దగ్గరే కలిసేది

మా ఇంట్లో నవరాత్రులకు నీసు ముట్టం. బ్యాంకాక్‌లో ఏ కూరలో చూసినా చేపల సాసే, ఈ నాలుగు రోజులు అరటిపండ్లతో గడపాలనుకున్నాను. తీరా చూస్తే వీధి పొడుగునా పసుపు జెండాలు, వాటి మీద ఎర్రగా ఒక థాయ్ అక్షరం. అడిగితే "జే" అన్నారు. చైనా మూలాలున్న థాయ్ వాళ్లు చాంద్రమాసం లెక్కన తొమ్మిది రోజులు మాంసం, చేపలు, గుడ్లు, ఉల్లి, వెల్లుల్లి వదిలేసే పండగ అది. ఆ ఏడాది అది మన నవరాత్రుల రోజుల్లోనే, అక్టోబర్ 13నే మొదలైంది! నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండో రోజు లంచ్ టైంలో ఒంటరిగా నిలబడ్డ ఒకావిడ కనిపించింది. ఫిలిప్పీన్స్‌లోని బాగియో నుంచి వచ్చింది, ఇలోకానో భాషలో రాస్తుంది. "నేను బయట పసుపు జెండా బండి దగ్గర తింటాను, వస్తారా?" అని అడిగాను. వచ్చింది. ఆమెతో పాటు కోజికోడ్ నుంచి వచ్చిన మలయాళీ అబ్బాయి, వియత్నాం నుంచి ఒకమ్మాయి. ప్లాస్టిక్ స్టూళ్ల మీద మోకాళ్లు తగిలేట్టు కూర్చుని పుట్టగొడుగుల నూడుల్స్ తిన్నాం. ఫోన్‌లో మా వాకిట్లో పేర్చిన బతుకమ్మ చూపించాను. గునుగు, తంగేడు, బంతి, పైన గౌరమ్మ. ఆమె చాలాసేపు చూసి, బాగియోలో ఫిబ్రవరిలో పనగ్‌బెంగా అని పూల పండగ చేస్తామంటూ తన ఫోన్ తీసింది. పూలతో కప్పిన బండ్లు వీధంతా. ఈ పూలను చివరికి ఏం చేస్తారని అడిగింది. చెరువులో వదిలేస్తామని చెప్తే కాసేపు మాట్లాడలేదు.

నలుగురమూ ఇంగ్లీషులో కాకుండా ఇంట్లో మాట్లాడే భాషలో రాసేవాళ్లమే. చదివేవాళ్లు తక్కువ, డబ్బులు దాదాపు రావు, "ఇంగ్లీషులో రాయొచ్చుగా" అన్న సలహా నలుగురికీ అలవాటే. ఆ బండి దగ్గర ఎవరూ ఆ మాట అనలేదు. అంత హాయిగా నేను ఎక్కడా ఊపిరి పీల్చుకోలేదు.

కాబట్టి నేను గట్టిగా చెప్పేది ఇదే. గుంపులోకి చొరబడటం కష్టమైతే ఒంటరిగా ఉన్న మనిషి దగ్గరికి వెళ్లండి. "కలుద్దాం" అని వదిలేయకుండా ఫలానా చోట, ఫలానా టైంకు తిందామని పిలవండి. రాత్రి పార్టీల్లో ఆ మోతలో మాటలు వినపడవు, నిమ్మ సోడా పట్టుకుని కాసేపు తిరిగి తొమ్మిదింటికి గదికి వచ్చేసినా ఎవరూ ఏమీ అనుకోరు.

సెషన్లకు రోజుకు మూడు చాలు. నాలుగోది వదిలేసి బయట కూర్చోండి.

టూరిజం బోర్డుల బల్లల దగ్గర

స్పీడ్ నెట్‌వర్కింగ్ అని ఒకటుంటుంది. టూరిజం బోర్డులు, హోటళ్ల వాళ్లు బల్లల దగ్గర కూర్చుంటారు, మనం ముందే టైం బుక్ చేసుకుని వెళ్లాలి. ఒక్కో మీటింగ్ పది నిమిషాలు కూడా ఉండదు, గంట కొట్టగానే లేవాలి. "మీకు ఎంతమంది రీడర్లు?" అన్నది మొదటి ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నాకు అప్పుడు నెలకు ఆరు వేలమంది. ఆ అంకె చెప్పేటప్పుడు గొంతు సన్నగిల్లింది, కానీ వెంటనే "ఏడు కోట్లకు పైగా మాట్లాడే భాష మాది, మీ దేశం గురించి ఆ భాషలో బస్సు వివరాలతో సహా రాసేవాళ్లు తక్కువ" అన్నాను. ఆ మనిషి రాసుకున్నాడు.

ఎవరైనా ఉచితంగా తిప్పుతామంటే, అంటే ఫ్యామ్ ట్రిప్‌కి పిలిస్తే, ఎన్ని వ్యాసాలు కావాలి, ఎప్పటికి, రాసింది ముందు వాళ్లకు చూపించాలా అన్నవి ఈమెయిల్లో రాయించుకోండి. నచ్చనిది నచ్చలేదని రాసే వీలు లేకపోతే వద్దనండి. వెళ్తే, ఖర్చు వాళ్లే పెట్టుకున్నారని మొదటి పేరాలోనే పాఠకులకు చెప్పండి. మన దేశంలో ప్రకటనల ప్రమాణాలు చూసే ఏఎస్‌సీఐ మార్గదర్శకాలు కూడా 2021 నుంచి ఇదే చెప్తున్నాయి. అవి లేకపోయినా మనల్ని నమ్మి బస్సెక్కే మనిషికి అది మనం బాకీ.

కార్డుల సంగతి, తర్వాతి సంగతి

ఆ మొదటి రాత్రి తర్వాత నేను పద్ధతి మార్చాను. కార్డు తీసుకున్న వెంటనే, ఆ మనిషి పక్కకు వెళ్లగానే, వెనకాల పెన్నుతో రెండు మాటలు. "ఇటుక అడిగాడు." "వాళ్ల నాన్న లారీ డ్రైవర్." "నీలం చీర బాగుందంది." నున్నటి కార్డు మీద పెన్ను రాయదు, అందుకని జేబులో ఓ చిన్న పుస్తకం. మూడు రోజులకు కార్డులు తగ్గాయి, మనుషులు మిగిలారు.

ఇంటికి రాగానే బ్యాగు సర్దడం తర్వాత, ముందు ఉత్తరాలు. వారం దాటితే వాళ్లూ మర్చిపోతారు, మనకూ మొహమాటం వచ్చేస్తుంది. అందరికీ ఒకే మెసేజ్ పంపొద్దు. మాట్లాడుకున్న సంగతి ఒకటి గుర్తుచేసి, వాళ్లు రాసింది ఒకటి నిజంగా చదివి, అందులో నచ్చిన చోటు చెప్పండి. మొదటి ఉత్తరంలో ఏ సాయమూ అడగొద్దు. నేను సద్దుల బతుకమ్మ రాత్రి చెరువు నుంచి వచ్చి, దీపాలతో నీళ్ల మీద తేలుతున్న బతుకమ్మల ఫోటో ఆ ముగ్గురికీ పంపాను. ఆ ఫోటోతోనే మా వాట్సాప్ గ్రూప్ మొదలైంది.

గ్రూప్ పెట్టగానే సరిపోదు, దానికి ఒక పని ఉండాలి. మేం నెలకొకసారి ఒకరి వ్యాసం ఇంగ్లీషులో నోటితో చెప్పుకుంటాం, మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తారు. ఎక్కడ అర్థం కాలేదో అక్కడ నేను తిరగరాస్తాను. "ఆ గుడి దగ్గర ఆడవాళ్లకు టాయిలెట్ ఉందా?" అని వియత్నాం అమ్మాయి అడిగినప్పటి నుంచి ప్రతి వ్యాసంలో ఆ సంగతి రాస్తున్నాను. నేను ఒక్కదాన్నే ఏళ్ల తరబడి రాసినా ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

2021 జూలై 25, ఆదివారం. రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిందని మా ఊళ్లో ఫోన్లు మోగిపోతున్నాయి. ఆ హడావిడిలో బాగియో నుంచి మెసేజ్ వచ్చింది. వార్త ఫోటో, కింద "నీ ఇటుక!" అని. కరోనాతో అప్పుడు విదేశీ ప్రయాణాలు దాదాపు ఆగిపోయి ఉన్నాయి. నిమిషం తర్వాత ఇంకొకటి: "దారులు తెరుచుకోగానే వస్తాను. ఏ బస్సు ఎక్కాలో రాసిపెట్టు." హనుమకొండ బస్టాండ్‌లో ములుగు బస్సు, ములుగులో దిగి పాలంపేటకు ఆటో, అని అప్పటికప్పుడు రాసి పంపాను. టాయిలెట్ సంగతి కూడా.