రాజకీయ వార్త మీద సొంత వ్యాఖ్య రాయడం ఎలా?

ఒక వార్తను పట్టుకుని ఆరేడు వందల మాటల్లో తమ అభిప్రాయం రాయాలనుకునేవారి కోసం ఇది. పత్రిక ఎడిట్ పేజీకి పంపినా, ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నా పని ఒక్కటే. గురి కూడా ఒక్కటే: మీకు పడని పార్టీని అభిమానించే పక్కింటాయన చదివి, ‘‘నీ అభిప్రాయంతో నాకు పేచీ ఉంది గానీ, నువ్వు చెప్పిన సంగతుల్లో తప్పు పట్టలేను’’ అనాలి. మీ వైపు వాళ్ల మెప్పు లెక్కలోకి రాదు. వాళ్లు ఎలాగూ మెచ్చుకుంటారు.

విషయాన్ని చిన్నది చేసుకోండి

‘రాష్ట్ర ఆర్థిక పరిస్థితి’ ఒక వ్యాసానికి సరిపడే విషయం కాదు. ‘హైదరాబాద్ వరదలు’ కూడా కాదు. ‘వానలు మొదలయ్యాక నాలా పూడికతీతకు టెండరు పిలవడం’ అన్నది విషయం. ఒక నిర్ణయం, ఒక మొత్తం, ఒక నిబంధన, లేదా ఒక మంత్రి అన్న ఒక మాట తీసుకోండి. కాగితం మీద ‘నేననేది ఏమిటంటే’ అని మొదలుపెట్టి ఒకే వాక్యం రాయండి. మధ్యలో ‘అంతేకాదు’ అని దొర్లిందంటే మీ చేతిలో రెండు వ్యాసాలున్నట్టు. ఒకటి పక్కన పెట్టేయండి. రెండోదాన్ని పూర్తయ్యేదాకా కళ్లెదుటే ఉంచుకోండి.

మొదటి రోజే తీర్పు చెప్పకండి

2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య, డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితుల ఎన్‌కౌంటర్ హైదరాబాద్ నగరంలో అందరికీ గుర్తే. ఆ రోజు పోలీసుల మీద పూలు చల్లారు. ‘న్యాయం జరిగింది’ అన్న రాతలే ఎక్కడ చూసినా. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. నిందితుల్ని చంపే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని ఆ నివేదిక తేల్చింది. ఆడపిల్లకు జరిగిన దారుణం చూసి కడుపు రగలడంలో తప్పేమీ లేదు. ఆ కోపాన్ని రాయాల్సిందే. కానీ విచారణ మొదలు కాకుండానే ‘నిందితులు’ అనాల్సిన చోట ‘దోషులు’ అని రాసిన వ్యాసాలు నివేదిక వచ్చేనాటికి ఎవరూ చూపించుకోలేనివి అయిపోయాయి.

కాబట్టి నేరం, కాల్పులు, అల్లర్లు, ప్రమాదం అయితే కనీసం 48 గంటలు ఆగండి. ఆగలేకపోతే ఆ రోజుకు తేలిన దాని మీదే రాయండి. పరిధి మాది కాదంటూ ఫిర్యాదుదారుల్ని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారనుకోండి. జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా కట్టే కేసు) ఎందుకు కట్టలేదని అడగడానికి దర్యాప్తు పూర్తి కానక్కర్లేదు. ప్రభుత్వ నిర్ణయమో, బడ్జెట్టో, కోర్టు ఉత్తర్వో అయితే ఆ కాగితం చేతికొచ్చేదాకా ఆగితే చాలు.

పత్రికలో క్రియాపదం చూడండి

ఎదురుబొదురు పార్టీల వైపు మొగ్గే రెండు తెలుగు పత్రికలు, ఒక ఇంగ్లిష్ పత్రిక చదవండి. కొనక్కర్లేదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనో, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలోనో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పెన్సిల్ పట్టుకుని ప్రతి వాక్యం చివర ఉన్న క్రియ కింద గీత గీయండి. తెలుగు వార్తలో పక్షపాతం ఎక్కువగా దాక్కునేది అక్కడే.

‘అన్నారు’, ‘చెప్పారు’ అంటే ఆయన ఆ మాట అన్నాడని మాత్రమే. ‘వెల్లడించారు’, ‘బయటపెట్టారు’ అంటే ఆయన చెప్పింది నిజమేనని పత్రిక ఒప్పుకున్నట్టు. ‘ఆరోపించారు’ అంటే రుజువు కాలేదు. ‘ఒప్పుకున్నారు’ అంటే అంతవరకు దాచిపెట్టారన్న ధ్వని. ‘టెండర్లలో అవకతవకలు జరిగాయని ప్రతిపక్ష నేత వెల్లడించారు’ అని ఒక పత్రిక, ‘ఆరోపించారు’ అని ఇంకోటి రాస్తే జరిగింది ఒకటే: ఆయన ప్రెస్‌మీట్ పెట్టి ఆ మాట అన్నాడు. మీ వ్యాసంలోకి రావాల్సింది ‘అన్నారు’ ఒక్కటే. ఇక ‘తెలుస్తోంది’, ‘సమాచారం’, ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అన్న వాక్యాల మీద వాదన కట్టకండి. రేపు అది కాదని తేలితే పత్రిక మాట మార్చేస్తుంది, మీ వ్యాసం మాత్రం మీ పేరుతో ఉండిపోతుంది.

కోర్టు వార్తల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘సర్కారుకు హైకోర్టు మొట్టికాయలు’, ‘అధికారులకు అక్షింతలు’ అన్న హెడ్డింగుల కింద ఉండేవి ఎక్కువగా వాదనల మధ్య న్యాయమూర్తులు నోటితో అన్న మాటలు. ఉత్తర్వు తీసి చూస్తే ‘నాలుగు వారాల్లో కౌంటర్ వేయండి, విచారణ వాయిదా’ అని మాత్రమే ఉండొచ్చు. రిట్ పిటిషన్ నంబరు, సంవత్సరం ఉంటే హైకోర్టు వెబ్‌సైటులో ఉత్తర్వు వెతకొచ్చు. దొరక్కపోతే ‘విచారణ సందర్భంగా ధర్మాసనం ఇలా వ్యాఖ్యానించినట్టు పత్రికలు రాశాయి’ అనండి. ‘కోర్టు తేల్చి చెప్పింది’ అని మాత్రం అనకండి. మధ్యంతర స్టే వేరు, తుది తీర్పు వేరు.

అసలు కాగితం చదవడం

జీవో నంబరు ముందు ‘ఎంఎస్’ ఉంటే విధానానికి సంబంధించిన ముఖ్యమైన ఉత్తర్వు, ‘ఆర్‌టీ’ ఉంటే రొటీన్ ఉత్తర్వు. ముందుగా సారాంశం కింద ఉండే పాత ఉత్తర్వుల జాబితా చూడండి. అసలు చరిత్రంతా ఆ నాలుగైదు లైన్లలో ఉంటుంది. కొత్తగా ప్రకటించిన పథకం పదేళ్ల కిందటి జీవోకు సవరణే అన్న సంగతి చాలాసార్లు అక్కడే తేలుతుంది. తర్వాత ‘షరతులకు లోబడి’ అన్న పేరా ఎక్కడుందో వెతకండి. మంత్రి ప్రసంగంలో రానివి ఆ షరతులే. జీవో వెబ్‌సైటులో లేకపోతే సమాచార హక్కు కింద అడగండి. రాష్ట్ర స్థాయి కార్యాలయానికైతే ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘ఎందుకు చేశారు?’ అని అడిగితే తిప్పి పంపుతారు, ఎందుకంటే కారణాలు వివరించే బాధ్యత చట్టం వాళ్ల మీద పెట్టలేదు. ‘ఫలానా ఫైలు నోట్ ప్రతి ఇవ్వండి’ అని అడిగితే ఇవ్వాలి. గడువులో రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అదీ కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

బడ్జెట్‌లో మూడు మాటల్ని కలిపేయకండి: కేటాయింపు, విడుదల, ఖర్చు. 2024 జులైలో పెట్టిన తెలంగాణ బడ్జెట్‌లో హైదరాబాద్ అభివృద్ధికి 10,000 కోట్ల రూపాయలు చూపించారు. అది కేటాయింపు. దాన్ని ‘10,000 కోట్లు ఖర్చు పెట్టారు’ అని మెచ్చుకున్నవాళ్లదీ పొరపాటే, ‘10,000 కోట్లు ఏమయ్యాయి, తినేశారా’ అని తిట్టినవాళ్లదీ పొరపాటే. బడ్జెట్ పుస్తకంలో ఒక్కో పద్దుకు నాలుగు గడులుంటాయి. 2025-26 పుస్తకమైతే 2023-24 అసలు లెక్కలు, 2024-25 అంచనా, అదే ఏడాది సవరించిన అంచనా, ఆఖర్న 2025-26 అంచనా. వార్తల్లోకి వచ్చేది ఆఖరి గడి. మీరు చూడాల్సింది రెండో గడికీ మూడో గడికీ మధ్య తేడా. అనుకున్నదాంట్లో ఎంత తెగ్గోశారో అక్కడే కనిపిస్తుంది. 2025-26 మొత్తం బడ్జెట్ 3,04,965 కోట్లు అన్న అంకె మీద వ్యాఖ్య రాయడం వృథా. ఒక్క పద్దు పట్టుకోండి. రాష్ట్ర ఖాతాల ముఖ్య అంకెల్ని ప్రభుత్వ లెక్కల్ని తనిఖీ చేసే కాగ్ నెలనెలా బయటపెడుతుంది, రాబడి, అప్పుల లెక్కకు అది నికరమైన ఆధారం.

ఎన్నికల అంకెలకూ ఇదే వర్తిస్తుంది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో 119 స్థానాల్లో కాంగ్రెస్‌కు 64, బీఆర్‌ఎస్‌కు 39 వచ్చాయి. సీట్లు చూస్తే ‘ప్రభంజనం’ అనిపిస్తుంది. ఓట్లు చూస్తే 39.40 శాతం, 37.35 శాతం. రెండు శాతం చిల్లర తేడా. హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాల్లో గెలిచిన పార్టీకి ఒక్కటీ రాలేదు: ఎంఐఎంకు ఏడు, బీఆర్‌ఎస్‌కు ఏడు, బీజేపీకి ఒకటి. ‘జనం ఛీకొట్టారు’ అని రాసే ముందు ఓట్ల శాతం తీసి చూడండి. ఓటేసిన ప్రతి వందమందిలో ఓడిన పార్టీకి వేసిన ఆ 37 మందీ జనమే.

ఒక పేరా దగ్గరగా చూద్దాం

చెరువులో ఇళ్ల కూల్చివేత ఈ నగరంలో ప్రతి ఒక్కరూ మాట్లాడే విషయం. 2024 జులై 19 నాటి జీవో ఎంఎస్ 99తో, చెరువుల ఆక్రమణల్ని తొలగించే హైడ్రా ఏర్పడ్డాక మరీనూ. కలం పట్టే ముందు తెలుసుకోవాల్సినవి ఇవి. ఇల్లు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) లోపలా, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్‌లోనా? పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు బఫర్ 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల జాబితాలో ఆ చెరువుకు తుది నోటిఫికేషన్ వచ్చిందా, ప్రాథమికం దగ్గరే ఆగిందా? అది శిఖం పట్టానా (చెరువు నీటిలో మునిగే భూమికి ఉన్న పట్టా)? అనుమతి ఎవరిచ్చారు, ఏ ఏడాదిలో? కోర్టు స్టే ఉందా? ఇప్పుడు తరచూ కనిపించే తరహా పేరా చూడండి:

‘‘పేదల ఇళ్ల మీదికి బుల్డోజర్లు పంపిన ఈ ప్రభుత్వానికి జనం తగిన బుద్ధి చెబుతారు. కనీసం నోటీసు ఇవ్వకుండా, సుప్రీంకోర్టు తీర్పును కాలరాసి కూల్చేశారు.’’

నాలుగు చోట్ల చిల్లులున్నాయి. అక్కడున్నవాళ్లు పేదలో కాదో చెప్పలేదు. నోటీసు ఇచ్చారో లేదో ఎవర్ని అడిగారో లేదు. జనం ఏం చేస్తారన్నది జోస్యం. అన్నిటికంటే పెద్దది తీర్పు సంగతి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసిన మాట నిజమే. కానీ రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, చెరువుల్లాంటి చోట్ల అక్రమ నిర్మాణాలకు ఆ ఆదేశాలు వర్తించవని అదే తీర్పులో ఉంది. ఈ మినహాయింపు చదవకుండా రాసిన వ్యాసాన్ని కొట్టిపారేయడానికి ఎదుటివాడికి ఒక్క వాక్యం చాలు, ఇల్లు పోయినవాళ్ల అసలు బాధ కూడా దానితోపాటే కొట్టుకుపోతుంది. అదే పేరాను ఇలా తిరగరాయొచ్చు (అంకెలు నమూనా కోసం ఊహించినవి):

‘‘కూల్చిన 12 ఇళ్లూ ఎఫ్‌టీఎల్ లోపలే ఉన్నాయని అధికారులు అంటున్నారు. హెచ్‌ఎండీఏ జాబితాలో ఆ చెరువుకు ప్రాథమిక నోటిఫికేషనే కనిపిస్తోంది. ఇళ్లకు అనుమతి ఇచ్చింది అప్పటి పంచాయతీ, రిజిస్ట్రేషన్ చేసి స్టాంపు డ్యూటీ తీసుకున్నది ప్రభుత్వం. చెరువు మిగలాల్సిందే. కానీ అనుమతి కాగితం మీద సంతకం పెట్టిన ఉద్యోగికి సంజాయిషీ నోటీసైనా వెళ్లకుండా, కొనుక్కున్నవాడి ఇల్లు మాత్రం నేలమట్టం కావడం అన్యాయం అంటాను.’’

ఇందులో అభిప్రాయం చివరి రెండు వాక్యాల్లోనే ఉంది. మిగతావి ఎవరైనా వెళ్లి సరిచూసుకోగలిగిన సంగతులు. ఎవరు చెప్పారన్నది ‘అంటున్నారు’, ‘కనిపిస్తోంది’ అన్న మాటల్లోనే తెలిసిపోతోంది. కోపం తగ్గలేదు, సరైన మనిషి మీదికి మళ్లింది.

కూర్పు

మొదటి పేరాలో జరిగింది, మీరేమంటున్నారన్నది రెండూ రావాలి, 80 మాటల్లోపు. పురాణ కథతోనో సామెతతోనో మొదలుపెట్టకండి, చదివేవాడు బస్సులో నిలబడి ఫోన్‌లో చూస్తున్నాడు. రెండో పేరాలో కాగితం ఏం చెబుతోందో చెప్పండి. తర్వాత మీ వాదన. దాని వెంటనే ఎదుటిపక్షం వాదనను వాళ్లు సైతం ‘అవును, మేమనేది ఇదే’ అనేంత నిజాయితీగా చెప్పి, అప్పుడు జవాబివ్వండి. చాలా వ్యాసాలు తేలిపోయేది ఈ పేరా దగ్గరే. అవతలివాళ్ల బలహీనమైన మాటను ఏరుకుని దాన్ని చీల్చి చెండాడి గెలిచామనుకుంటారు. ఆఖర్న ఫలానా అధికారి ఫలానా పని చేయాలని అడగండి. ‘ప్రభుత్వం మేల్కోవాలి’ అంటే ఎవరూ మేల్కోరు.

చట్టం దగ్గర తూకం

పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. రెండేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. ప్రజా పదవిలో ఉన్నవారి పనితీరు మీద సదుద్దేశంతో చేసే విమర్శకు అందులోనే మినహాయింపు ఉంది. అందుకే మనిషిని కాకుండా పనిని విమర్శించండి. ‘అవినీతిపరుడు’ అనకండి, ‘ఆయన మీద ఏసీబీ కేసు నమోదైంది, చార్జిషీటు ఇంకా వేయలేదు’ అనండి. తీర్పును విమర్శించొచ్చు, న్యాయమూర్తికి దురుద్దేశం అంటగడితే కోర్టు ధిక్కారం దాకా వెళ్తుంది. అత్యాచార బాధితుల పేరు, ఫొటో, ఆనవాలు పట్టించే ఏ వివరమూ రాయకూడదు, చానళ్లు చూపించినా సరే. ఎగ్జిట్ పోల్ అంకెల్ని ఎన్నికల సంఘం పెట్టిన గడువు ముగిసేదాకా పెట్టకూడదు.

పంపే ముందు, పంపాక

రాయడం అయ్యాక రెండు గంటలు వదిలేసి, బిగ్గరగా చదవండి. నాలుక మడతపడ్డ వాక్యాన్ని రెండుగా విరవండి. ‘సిగ్గుచేటు’, ‘దుర్మార్గం’, ‘నియంతృత్వం’ లాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. పేర్లు, హోదాలు, తేదీలు, అంకెలు ఒక్కొక్కటీ మూలంతో పోల్చి టిక్ పెట్టండి. లక్షకూ కోటికీ మధ్య సున్నాలు జారిపోవడం తరచూ జరిగే పొరపాటు. తర్వాత వేరే పార్టీ అభిమాని ఒకరికి చూపించి, ‘సంగతుల్లో ఎక్కడ తప్పుంది?’ అని మాత్రమే అడగండి. అభిప్రాయం నచ్చిందా అని అడగకండి.

అచ్చయ్యాక తప్పు బయటపడితే చప్పుడు చేయకుండా దిద్దేయకండి, పోస్టు తీసేయకండి. వ్యాసం పైనే ‘సవరణ’ అని పెట్టి, తేదీ వేసి, ముందు ఏం రాశారో, ఇప్పుడు ఏది సరైనదో రెండు లైన్లలో రాయండి. ఆ తప్పు వల్ల మీ వాదన కూడా మారితే ఆ మాట మూడో లైనులో చెప్పండి.